ఊపిరి చప్పుడు

ఉబ్బసం లేనివాళ్ళు ఒక సంగతి తప్పుగా అనుకుంటారు. ఊపిరాడటం లేదంటే గాలి లోపలికి పోవడం లేదని వాళ్ళ ఉద్దేశం. అసలు బాధ అది కాదు. లోపలికి పోయిన గాలి బయటికి రాదు. ఎంత తోసినా కొంచెమే వస్తుంది, అదీ ఈల వేసుకుంటూ వస్తుంది. మిగిలిన గాలి రొమ్ములోనే తిష్ట వేసి, కొత్త గాలికి చోటివ్వదు. పక్కనున్నవాళ్ళు "గట్టిగా పీల్చు, ఇంకా గట్టిగా పీల్చు" అంటారు. అలా అన్న ప్రతివాళ్ళనూ ఒక్కటి వేయాలనిపించేది నాకు. చెయ్యి లేస్తే కదా.

ఈ రోగం నాకు పుట్టుకతో రాలేదు, కాపురంతో వచ్చింది. అప్పటికి బస్తరు ఇంకా సంస్థానమే. రాజుగారు జగదల్‌పూర్‌లో ఉండేవారు, మా అత్తవారి దుకాణం భోపాల్‌పట్నంలో ఉండేది. మా పుట్టిల్లు గోదావరి అవతల, నైజాం ఇలాకాలో. మా నాన్నకు కాస్త పొలం, నాలుగు బర్రెలు, తాటాకు ఇల్లు. అక్కడ గాలిని గురించి ఆలోచించిన గుర్తే లేదు నాకు. అదేదో ఊరికే వచ్చిపోతుండేది.

అత్తవారిది పెంకుటిల్లు. వీధి వైపు ఎత్తైన అరుగు, అరుగు మీద నుంచి దుకాణం, దుకాణం వెనక ఒక నడిమి గది, ఆ గదికి ఆనుకొని సరుకు గది. కోయవాళ్ళు, దొర్లవాళ్ళు అడవి నుంచి తెచ్చే ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయ, ఆ పైన గోదావరి లంకల నుంచి వచ్చే ఎండుమిర్చి, అన్నీ ఆ గదిలోనే. బదులుగా వాళ్ళకు ఉప్పు, బట్ట, పొగాకు. వెనక పెరడు ఉండేది గాని అదీ సరుకుదే. ఎండాకాలం అక్కడ ఇప్పపువ్వు ఆరబోసేవాళ్ళు, వానాకాలం మోకాలి లోతు బురద. ఇక ఆడవాళ్ళకు మిగిలింది నడిమి గది. దానికి కిటికీ లేదు. వెలుతురు కోసం ఇంటి కప్పులో ఒక పెంకు తీసి గాజుబిళ్ళ పెట్టారు, అంతే.

ఆ గదిలో కూర్చుని అత్తగారూ నేనూ మిరపకాయలకు తొడిమలు తీసేవాళ్ళం, చింతపండుకు గింజలు కొట్టేవాళ్ళం. పురుగు పట్టిన ఇప్పపువ్వును చాటలో పోసి చెరిగేవాళ్ళం. ముక్కుకు కొంగు కట్టుకుంటే "అంత సుకుమారం అయితే ఎట్ల?" అనేది అత్తగారు. ఆమె కట్టుకునేది కాదు మరి.

ఆమె గురించి ముందు చెప్పాలి. సన్నటి మనిషి, భుజాలు రెండూ పైకి లేచి ఉండేవి, ఎప్పుడూ ఎవరో వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడినట్టు. కొత్తలో అది ఆమె వాటం అనుకున్నాను. తర్వాత నా భుజాలు కూడా అలా లేవడం మొదలుపెట్టాక తెలిసింది, అది ఏళ్ళ తరబడి ఊపిరి కోసం పడ్డ పాటు అని. ఆమెకూ అదే రోగం. ఆమెకూ కాపురంతోనే వచ్చింది. ఇంట్లో ఎవరూ దాన్ని రోగం అనేవాళ్ళు కాదు, "అమ్మకు గాలి సోకింది" అనేవాళ్ళు. అందుకని గాలి రాకుండా తలుపులు మూసేవాళ్ళు, సందుల్లో పాతగుడ్డలు కుక్కేవాళ్ళు, కుంపట్లో వావిలాకు వేసి పొగ పెట్టేవాళ్ళు. ప్రేమ లేక కాదు, ప్రేమ ఉండబట్టే. మా ఆయన తన చేత్తోనే తలుపు కింద గుడ్డ దోపి, "ఇగ చలిగాలి రాదు" అని నా వైపు ఎంతో మురిపెంగా చూసేవాడు. ఆ మురిపెం చూశాక ఏమని చెప్పను?

నాకు మొదటిసారి ఆయాసం వచ్చింది తొలి వానాకాలంలో, తెల్లవారుజామున. ఏమవుతోందో తెలియక లేచి కూర్చుని గోడను పట్టుకున్నాను. పిల్లి గొంతులో గురగుర లాంటి చప్పుడు వినపడితే, నిజంగానే పిల్లి దూరిందేమోనని చుట్టూ చూశాను. ఆ చప్పుడు నాదే. అత్తగారు అటు పక్క నుంచి లేచి వచ్చింది. నన్ను ముందుకు వంచి, సరుకు కొలిచే తవ్వను బోర్లించి, పైన దిండు పెట్టి దాని మీద నా నుదురు ఆన్చింది. వీపు నిమురుతూ చెవి దగ్గర చెప్పింది.

"నోరు తెర్వకు. నోటితోని తీస్తే సప్పుడైతది. ముక్కుతోని మెల్లగ ఇడువు. దగ్గొస్తే కొంగు నోట్ల కుక్కుకో."

"ఎందుకత్తమ్మా?"

"దుకాండ్ల మనుషులుంటరు గదా బిడ్డా. దగ్గు ఇంటే క్షయ అనుకుంటరు. మన ఇంట్ల సరుకు ఎవరు ముడతరు?"

అదీ అసలు భయం. తినే వస్తువులు అమ్మే ఇల్లు. ఆ ఇంట్లో ఎవరో దగ్గుతున్నారంటే, అది క్షయ అని ఎవరో ఒకరు అంటే చాలు, మర్నాటికి అంగడంతా పాకుతుంది. ఎదురు వరసలో ఇంకో దుకాణం ఉండనే ఉంది. కాబట్టి ఆ ఇంట్లో ఊపిరికి చప్పుడు ఉండకూడదు. ఆమె అలా చప్పుడు లేకుండా ఊపిరి తీయడం నేర్చుకుని బతికింది. ఇప్పుడు ఆ విద్య నాకు నేర్పుతోంది, వంట నేర్పినంత శ్రద్ధగా.

దగ్గు మాత్రం ఎంత అదిమినా ఆగేది కాదు. దానికీ ఒక ఉపాయం ఉండేది. ఒకరికి దగ్గుతెర వస్తే రెండోవాళ్ళు రోలు దగ్గరికి పరుగెత్తి దంచాలి. రోకలి చప్పుడులో దగ్గు కలిసిపోయేది. ఖాళీ రోట్లో దంచితే తెలిసిపోతుందని గుప్పెడు ఊక పోసి దంచేవాళ్ళం. ఆ ఊక దుమ్ము లేచి వచ్చి మళ్ళీ మా ముక్కుల్లోకే పోయేదనుకోండి, అది వేరే సంగతి. "మీ ఇంట్ల పొద్దుమాపు దంచుడేనా సావుకారి? ఏం తింటరయ్యా మీరు?" అని అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. మామగారు కూడా నవ్వేవారు. ఆ నవ్వు గోడ ఇవతల మాకు వినపడేది, కొంగు నోట్లో కుక్కుకుని ఉండగా.

ఏడాదికోసారి పుట్టింటికి వెళ్ళేదాన్ని. పడవ దిగిన రెండో రోజుకో మూడో రోజుకో రొమ్ము తేలికపడేది. పరుగెత్తేదాన్ని, చెరువు గట్టు ఎక్కేదాన్ని, పాటలు పాడేదాన్ని. తిరిగి అత్తవారింట్లో కాలుపెట్టిన వారానికి మళ్ళీ ఈల మొదలు. దీన్ని చూసి ఎవరికైనా ఏమనిపించాలి? ఆ ఇంట్లో ఏదో ఉందని కదా. ఒక్కరికీ అనిపించలేదు. "పుట్టింటికి పోతె తగ్గి, మొగని దగ్గరికి రాంగనె లేసే రోగమా? మంచిగుందమ్మా నీ రోగం," అని మా ఆడబిడ్డ పండక్కి వచ్చినప్పుడు ముఖం మీదే అనేసింది. మా అమ్మ మరోలా అనుకుంది, "అత్తోళ్ళు ఏమన్న అంటున్నరా బిడ్డా? ఉన్నది చెప్పు," అని గుచ్చి గుచ్చి అడిగేది. ఏమీ అనరమ్మా అంటే నమ్మేది కాదు. నాటకమాడుతున్నానని అందరూ అంటుంటే, కొన్నాళ్ళకు నాకే అనుమానం పట్టుకుంది, నిజంగా నేనే ఏదైనా చేసుకుంటున్నానా అని. రోగం కంటే అదే ఎక్కువ ఏడిపించింది నన్ను.

అత్తగారికి తన గురించి అలాంటి అనుమానం కలిగే అవకాశం కూడా లేదు. ఆమెకు పుట్టిల్లు లేదు. చిన్నప్పుడే తల్లీతండ్రీ కలరాలో పోయారు, మేనమామ పెంచి పెళ్ళి చేసి చేతులు దులుపుకున్నాడు. కాపురానికి వచ్చిన మనిషి ఆ ఊరు దాటి ఎక్కడా నిద్ర చేయలేదు. కాన్పులు కూడా ఆ నడిమి గదిలోనే.

నేను వచ్చిన తర్వాత కొన్నేళ్ళకు ఒక వానాకాలం చాలా చెడ్డగా వచ్చింది. ఇంద్రావతి, గోదావరి రెండూ ఒకేసారి పొంగాయి. పడవలు ఆగిపోయాయి, బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, ఊరు ఊరంతా నీళ్ళ మధ్య బందీ. అమ్ముడుపోని మిర్చి, ఇప్పపువ్వు సరుకు గదిలో కప్పుదాకా పేరుకుపోయాయి. తేమకు బూజు పట్టకుండా అందులో కుంపట్లు పెట్టారు. వారానికోసారి బస్తాలు తిరగేసేవాళ్ళు. తిరగేసినప్పుడు తెల్లటి దుమ్ము తలుపు సందుల్లోంచి మా గదిలోకి పొగలా వచ్చేది. బయట వాన, తలుపులన్నీ మూత. ఆ రోజుల్లో మేమిద్దరం పడుకున్న గుర్తు లేదు. ఎదురెదురుగా కూర్చుని, ముందుకు వంగి, ఎవరి తవ్వ మీద వాళ్ళు నుదురు ఆన్చుకుని పొద్దు గడిపేవాళ్ళం. మాట్లాడుకోవడానికి ఊపిరి చాలదు. ఒక్కోసారి ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎందుకో నవ్వు వచ్చేది. నవ్వితే దగ్గొస్తుందని భయపడి ముఖాలు తిప్పుకునేవాళ్ళం.

ఆ వానల్లోనే ఒక అంగడి రోజు, అంటే వారం సంత. వాన కాస్త తెరిపిచ్చిందని దుకాణం నిండా జనం. నాకు దగ్గుతెర వచ్చింది. అత్తగారు లేచి రోలు దగ్గరికి పోయింది. దంచింది. దంచుతూనే ఉంది, నా దగ్గు ఆగడం లేదు. గుక్క తిరగక కళ్ళు చీకట్లు కమ్ముతుంటే ఆమె వైపు చూశాను. రోకలి ఎత్తుతోంది గాని అది పైకి లేవడం లేదు. ఆమె పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. ఉన్నట్టుండి రోకలి ఆమె చేతిలోంచి జారిపోయింది. ఆమె రోటి పక్కనే కూలబడి, నాకు నేర్పిన విద్యంతా మరిచి, నోరు బార్లా తెరిచి దగ్గింది. ఇద్దరి దగ్గూ కలిసి దుకాణంలోకి పోయింది.

అవతల మాటలు ఆగిపోయాయి. తక్కెడ చప్పుడు కూడా ఆగింది.

మామగారు లోపలికి వచ్చారు. కేకలేస్తారనుకున్నాను, వేయలేదు. ముఖం పాలిపోయి ఉంది. అత్తగారికి నీళ్ళు పట్టించి, నా వైపు చూడకుండా మా ఆయనతో అన్నారు. "నీళ్ళు తియ్యంగనె పిల్లను పుట్టింట్ల దింపాలె. అక్కడనె ఉండనియ్యి. మీ అమ్మ నా పానానికి ముడివడ్డది, ఏం చేస్త? ఇంకోదాన్ని గూడ నేను మొయ్యలేను. దుకాణం మూతవడ్తది."

అక్కడే ఉండనివ్వు అంటే ఏమిటో నాకు తెలుసు. అప్పటికి నాకు పిల్లలు లేరు. రోగిష్టి కోడలిని పుట్టింట్లో దింపిన ఇంటికి ఏడాది తిరక్కుండానే ఇంకో సంబంధం వస్తుంది. మా ఆయన నోరు మెదపలేదు. తండ్రి ముందు ఆయన నోరు మెదిపిన రోజు నేనెరగను. ఆ వర్షాలు తగ్గేదాకా నేను వాన ఆగకూడదని దండం పెట్టుకున్నాను. ఊపిరాడని ఆ గదిలోనే ఉండనివ్వమని దేవుణ్ణి అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

నీళ్ళు తీశాయి. కోడలిని ఒంటరిగా పంపరు, పెద్దవాళ్ళెవరైనా దింపాలి. మా ఆయన ఉప్పు కోసం బండ్లతో జగదల్‌పూర్ దారి పట్టాడు. మామగారు దుకాణం వదలరు. చివరికి అత్తగారే బయలుదేరాల్సి వచ్చింది. "నాతోని కాదు, ఇసుకల నడవలేను," అని ఎంతో మొరాయించింది. బండి దిగి ఇసుకలో పడవ దాకా నడిచేసరికి ఎన్నిసార్లు కూర్చుందో. పడవలో నా చెయ్యి పట్టుకుని నది నడిమిదాకా కళ్ళు తెరవలేదు. అన్ని నీళ్ళు ఆమె ఎప్పుడూ చూడలేదు.

మా ఇంట్లో ఆమెకు వాకిట్లో వేపచెట్టు కింద మంచం వేశారు. వియ్యపురాలు కదా, కాలు కింద పెట్టనివ్వలేదు మా అమ్మ. నాలుగైదు రోజులయ్యాయి. ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను వాకిట్లోకి వచ్చి చూస్తే ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆమె వెల్లకిలా పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు, కూర్చునే కునుకు తీసేది. చేతులు రెండూ పక్కన వాలి ఉన్నాయి. భుజాలు దిగి ఉన్నాయి. దగ్గరికి పోయి విన్నాను. ఈల లేదు, గురగుర లేదు, ఏమీ లేదు.

ఆమె పోయిందనుకున్నాను. ఆమె ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా గాలి తగిలింది, మెల్లగా, నిండుగా.

ఆమె కళ్ళు తెరిచింది. "ఏందే?"

"ఏం లేదత్తమ్మా. మీ ఊపిరి వినవడ్త లేదని..."

ఆమె లేచి కూర్చుంది. కాసేపు తన ఊపిరి తనే విన్నది. రొమ్ము మీద చెయ్యి వేసుకుని ఒకసారి పీల్చి వదిలింది. మళ్ళీ పీల్చి వదిలింది. ఆ ముఖంలో సంతోషం వస్తుందని చూశాను. రాలేదు, కోపం వచ్చింది. ఆమెకు అంత కోపం ఉంటుందని నేనెరగను. "గిట్ల ఉంటదా?" అన్నది. "అందరికి గిట్లనె ఉంటదా? ఊకెనె? ఏం చెయ్యకుండనె?" చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక నా ముఖం వైపు చూసి, "పుట్టింట్ల తగ్గుతదంటె నువ్వు నాటకం ఆడుతున్నవని నేను గూడ అనుకున్ననె," అన్నది.

మర్నాడే మామగారి దగ్గర నుంచి మనిషి వచ్చాడు, దింపడానికి పోయిన మనిషి ఇన్ని రోజులేమిటని. ఆమె బయలుదేరింది. రేవు దాకా వెళ్ళాను. నాకు ఆమె మీద అసూయ లేదు, జాలి లేదు, ఒకటే భయం. తెలియక ఆ గదిలో బతకడం ఒక ఎత్తు, తెలిశాక వెళ్ళి మళ్ళీ అందులో కూర్చోవడం ఎట్లా? ఆమె పడవ ఎక్కి, "నేను పిలిచేదాంక రాకు," అని ఒక్క మాట అన్నది. ఎందుకో చెప్పలేదు. అంటే నన్ను వదిలేసుకున్నట్టే అనుకున్నాను.

ఆ చలికాలం, ఎండాకాలం నాకు ఊపిరి బ్రహ్మాండంగా ఆడింది. కాని బతుకు ఆడలేదు. బావి దగ్గర "ఇంకా పిలుపు రాలేదానె?" అని అడిగే నోళ్ళకు భయపడి చీకటితోనే నీళ్ళు తెచ్చుకునేదాన్ని. మా నాన్న అన్నం ముందు కూర్చుని నా వైపు చూసి లేచిపోయేవాడు. చెల్లెలికి వచ్చిన సంబంధం నా మూలంగా తప్పిపోయింది. ముందుకూ పోలేను, వెనక్కూ రాలేను, వాకిట్లో ఆ మంచం మీద నిండుగా ఊపిరి పీలుస్తూ చచ్చిపోతే బాగుండుననుకునేదాన్ని.

తొలకరికి ముందు మా ఆయన వచ్చాడు. చిక్కిపోయాడు. "అమ్మ తీస్కరమ్మన్నది," అన్నాడంతే. ఇంకో సంబంధం సంగతి అడగాలని పడవలో ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. నది దాటి బండి ఎక్కాక ఆయనే అన్నాడు, "నాయినకు అమ్మకు మాటల్లెవ్వు. వచ్చిన దినమె అమ్మ మంచం తెచ్చి అరుగు మీద ఏసుకున్నది. అందరి ముంగటనె దగ్గుతది. లోపల్కి రమ్మంటె రాదు." మళ్ళీ తనే, "మిరపకాయలు ఇప్పుడు పెరట్ల పందిరి కింద తొడిమెలు తీస్తున్నరు," అన్నాడు.

"దుకాణం?"

"కొందరు ఎదురింటికి వోయిన్రు. కొందరు మర్లచ్చిన్రు."

"మరి నన్నింత ఆలస్యంగా ఎందుకు పిల్చిన్రు?"

"ముసల్ది కూసుంటె కూసున్నది, పడుచు కోడల్ని అరుగు మీద కూసోవెట్టేది లేదన్నడు నాయిన. అది ఒప్పుకుంటెనె పిలుస్త అన్నది అమ్మ." ఎద్దుల్ని అదిలించి, నా వైపు చూడకుండా, "నాయిన నిన్నటిదాంక ఒప్పుకోలే. ఇగ ఆగేది లేదు, నేనే పొయ్యి తీస్కొస్త అన్న నాయినతోని. అమ్మ సరె అన్నది," అన్నాడు. తండ్రి ముందు నోరు మెదపని మనిషి.

ఊరు చేరేసరికి అంగడి జోరుగా ఉంది. బండి మా ఇంటి ముందు ఆగింది. అరుగు మీద అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది, వీధిలోకి చూస్తూ. ఉబ్బసం పూర్తిగా పోలేదు, అన్నేళ్ళది పోతుందా, భుజాలు ఇంకా కొంచెం ఎత్తుగానే ఉన్నాయి. ఆమె పక్కన ఇంకో మంచం ఉంది, కొత్త నులకది. నేను అలవాటుగా కొంగు తల మీదికి లాక్కుని పక్క సందులోంచి లోపలికి పోబోయాను.

"ఆడికెందుకే? ఇది నీది, కూసో," అన్నది ఆమె, కొత్త మంచం మీద చేత్తో తట్టి.

దుకాణంలోంచి మామగారు గట్టిగా గొంతు సవరించుకున్నారు. ఆమె వినపడనట్టే ఉంది. అరుగు ముందు ఉప్పు కొలిపించుకుంటున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఎదురు దుకాణం వాళ్ళు, అందరూ నా వైపే చూస్తున్నారు. మెట్లెక్కి ఆ మంచం అంచున కూర్చున్నాను. సిగ్గుతో ప్రాణం పోతుందనుకున్నాను. పోలేదు. ఊపిరి ఆడుతూనే ఉంది.